ఇంజన్ లైట్ వెలిగిందా? సెన్సార్ కొనే ముందు చూడాల్సినవి – విశాఖలో కారున్నవారికి సమగ్ర మార్గదర్శి

రెండేళ్ల క్రితం మే నెలలో ఒక మధ్యాహ్నం హనుమంతవాక దాటుతుంటే మా కారు మీటర్లో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది. రేడియేటర్ ఫ్యాన్ మాత్రం ఇంటికొచ్చి ఇంజన్ ఆపేదాకా ఆగకుండా తిరుగుతూనే ఉంది. మర్నాడు ఒక గ్యారేజీకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి, "కూలెంట్ సెన్సార్ పోయింది సార్" అన్నారు. కొత్తది వేయించి డబ్బులు కట్టాను. మూడో రోజు పొద్దున్నే మళ్లీ అదే లైటు.

ఈసారి గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కార్ల వైరింగ్ పని తప్ప మరోటి చేయరు. ఆయన స్కానర్‌లో ఇంజన్ ఉష్ణోగ్రత చూపించారు: మైనస్ 40 డిగ్రీలు. "మే నెల్లో మనూర్లో మైనస్ నలభై ఎక్కడిది బాబూ? లైను తెగింది" అని సెన్సార్ కప్లర్ (వైర్లను సెన్సార్‌కు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీశారు. లోపల రెండు క్లిప్పుల్లో ఒకదాని చుట్టూ పచ్చటి పొడి పేరుకుని ఉంది. గుండుసూదితో కదిపితే ఆ క్లిప్పు ముక్కగా విరిగి ఆయన అరచేతిలో పడింది. నా పాత సెన్సార్‌ను ఆ తర్వాత మల్టీమీటర్‌తో పరీక్షించాను. అది నిక్షేపంగా ఉంది.

స్కానర్ చూపించే కోడ్‌లో సెన్సార్ పేరు ఉన్నంత మాత్రాన సెన్సారే పోయిందని కాదు. ఆ సెన్సార్ లైన్లో నమ్మదగ్గ కబురు రావడం లేదని కంప్యూటర్ చెబుతోంది, అంతే. తప్పు సెన్సార్‌ది కావచ్చు, వైరుది కావచ్చు, కప్లర్‌ది కావచ్చు, ఒక్కోసారి ఇంజన్‌దే కావచ్చు. అదెలా తేల్చుకోవాలో వరుసగా రాస్తున్నాను.

ముందుగా, లైటు ఎలా వెలుగుతుంది

ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. చాలా సెన్సార్లకు అది 5 వోల్టుల కరెంటు పంపి, తిరిగి ఎంత వస్తుందో చూస్తుంది. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్‌నే తీసుకోండి. దాని లోపల ఉండేది వేడిని బట్టి నిరోధం మారే చిన్న పూస. చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓములు ఉండేది, 80–90 డిగ్రీలకు వచ్చేసరికి రెండు మూడు వందలకు పడిపోతుంది. ఆ మార్పు వోల్టేజిగా ఈసీయూకి చేరుతుంది.

వైరు తెగితే నిరోధం అనంతం. ఈసీయూకి పూర్తి 5 వోల్టులు కనిపిస్తాయి. దాని లెక్కలో అంత నిరోధం అంటే భయంకరమైన చలి, అందుకే మైనస్ 40 అని చూపిస్తుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే వోల్టేజి సున్నాకు పడి, చల్లటి ఇంజన్ కూడా 130 డిగ్రీలకు పైన ఉన్నట్టు కనిపిస్తుంది. ఉష్ణోగ్రత తెలియనప్పుడు ఇంజన్ మాడిపోకుండా ఈసీయూ ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పేస్తుంది. మా కారులో జరిగింది అదే.

ఇది కాక ఇంకో రకం అనుమానం ఉంది. వోల్టేజి హద్దుల్లోనే ఉంటుంది కానీ మిగతా సెన్సార్లు చెప్పేదానితో పొసగదు. థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) మూసి ఉంది, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంది, గాలి సెన్సార్ మాత్రం భారీగా గాలి వస్తోందంటుంది. అప్పుడు కూడా కోడ్ పడుతుంది. చాలా లోపాలకు ఈసీయూ మొదటిసారే లైటు వేయదు. మొదటి ప్రయాణంలో గుట్టుగా రాసుకుని, రెండో ప్రయాణంలోనూ అదే కనిపిస్తే వేస్తుంది. కొన్ని వైరింగ్ లోపాలకు వెంటనే వేసే కార్లూ ఉన్నాయి.

మొదటి మెట్టు: లైటు రంగు, తీరు

పసుపు రంగులో నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు పడక్కర్లేదు. ఇంటికి నెమ్మదిగా వెళ్లవచ్చు. ఒకటి రెండు రోజుల్లో చూపించుకోండి, నెలల తరబడి వదిలేయకండి.

అదే లైటు టపటపా కొట్టుకుంటూ ఇంజన్ వణుకుతుంటే మిస్సింగ్ ఉందని అర్థం. సిలిండర్‌లో కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. అది కారులో చాలా ఖరీదైన భాగం, కొద్దిసేపట్లోనే కరిగి మూసుకుపోగలదు. రేస్ తగ్గించి, రోడ్డు పక్కకు తీసి ఆపేయండి.

ఎర్ర లైట్లు వేరే సంగతి. ఆయిల్ డబ్బా బొమ్మ, థర్మామీటర్ బొమ్మ ఎర్రగా వెలిగితే సెన్సార్ తప్పో కాదో ఆలోచించే సమయం లేదు, ఇంజన్ ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.

ఒక మాట పాత కారు కొనేవారికి. కీ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకముందు ఇంజన్ బొమ్మ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. కీ ఆన్‌లో కూడా వెలగలేదంటే ఎవరో దాన్ని పనిచేయకుండా చేశారని అనుమానించండి.

రెండో మెట్టు: కోడ్ చదవండి, చెరపకండి

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 (లోపాలను కారే గుర్తించి కోడ్లుగా రాసుకునే వ్యవస్థ) తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద, బానెట్ లాగే లివర్ దగ్గర్లో 16 రంధ్రాల సాకెట్ ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో దాని మీద చిన్న మూత ఉంటుంది. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొని అందులో గుచ్చితే, ఫోన్‌లో యాప్ ద్వారా కోడ్లు చదవవచ్చు. కారున్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. మెకానిక్‌ను అనుమానించడానికి కాదు, ఆయన చెప్పేది మనకు అర్థం కావడానికి.

కోడ్ పి అక్షరంతో మొదలవుతుంది. ఆ తర్వాత 0 ఉంటే చాలావరకు అన్ని కంపెనీలకూ ఒకే అర్థం. పి0118 అంటే కూలెంట్ సెన్సార్ లైన్లో వోల్టేజి ఎక్కువ, అంటే దాదాపు ఎప్పుడూ లైను తెగినట్టే. పి0117 దానికి వ్యతిరేకం, ఎక్కడో షార్ట్. పి0135 మొదటి ఆక్సిజన్ సెన్సార్ హీటర్. పి0335 క్రాంక్ (ఇంజన్ తిరుగుడును చూసేది), పి0340 క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ తిరుగుడును చూసేది) సెన్సార్ లైన్లు. పి0171 మాత్రం ఏ సెన్సార్ పేరూ చెప్పదు. పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైందంటుంది. పి0420 కేటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదంటుంది.

కోడ్‌తో పాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' అని ఒక పేజీ ఉంటుంది. కోడ్ పడిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజన్ వేడి, లోడ్ ఎంతున్నాయో అందులో ఉంటాయి. ఆనందపురం రోడ్డులో 80 వేగంలో పడిందా, ద్వారకానగర్ ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు పడిందా అన్నది సగం జవాబు. దాన్ని ఫోటో తీసుకోండి. కోడ్ చెరిపితే ఈ పేజీ పోతుంది, చాలా కార్లలో బ్యాటరీ టెర్మినల్ తీసినా పోతుంది. "బ్యాటరీ వైరు తీసి పెడితే లైటు ఆరిపోద్ది" అనే సలహా వినకపోవడమే మంచిది. లైటు ఆరుతుంది, ఆధారం కూడా పోతుంది.

ఒకేసారి మూడు నాలుగు సెన్సార్ల కోడ్లు పడితే అన్నీ ఒక్క రోజే పోయాయని నమ్మకండి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది చూడండి: బ్యాటరీ, బాడీ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ను కారు బాడీకి కలిపే వైరు), 5 వోల్టుల సరఫరా. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలో 12.4 వోల్టులకు పైన, నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5–14.5 మధ్య ఉండాలి. ఒక సెన్సార్ లోపల షార్టయితే ఆ 5 వోల్టులు మొత్తం కిందికి లాగేస్తుంది. అలాంటప్పుడు కప్లర్లు ఒక్కొక్కటే తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే కారణం.

మూడో మెట్టు: కంటితో, చేత్తో

విశాఖలో ఈ మెట్టు మీదే ఎక్కువసేపు నిలబడాలి. మన గాలిలో ఉప్పు ఉంది. బీచ్ రోడ్డు పక్కన, రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట నిలిపే కార్లలో కప్లర్ల లోపలికి ఆ తేమ చేరి, రాగిని పచ్చటి పొడిగా మార్చేస్తుంది. పైకి కప్లర్ కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

ఇంజన్ చల్లబడ్డాక, కీ ఆఫ్ చేసి, కోడ్‌లో ఉన్న సెన్సార్ కప్లర్ తీయండి. లాక్ నొక్కి కప్లర్‌ను పట్టుకుని లాగాలి, వైరు పట్టుకుని లాగకూడదు. లోపల టార్చ్ వేసి చూడండి. పచ్చదనం, తెల్లటి పొడి, తడి, వంగిన పిన్ను, వెనక్కి జారిపోయిన క్లిప్పు, వీటి కోసమే చూడాలి. కొద్దిపాటి మరకైతే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దితే పిన్ను మీద పూత పోయి, వచ్చే వానాకాలానికి ఇంకా పాడవుతుంది. తిరిగి పెట్టేటప్పుడు 'టిక్' అని వినపడాలి. వేడికి పెళుసెక్కిన లాక్ విరిగిపోతే కప్లర్ వదులై, గుంతలో పడ్డప్పుడల్లా లైటు వచ్చిపోతుంది.

తర్వాత వైరు వెంట వేలు పోనిస్తూ వెళ్లండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకల బెడద ఉంటే ఇక్కడే దొరుకుతుంది. వానాకాలం రాత్రి వెచ్చటి ఇంజన్ మీదికి చేరి వైర్ల మీది ప్లాస్టిక్ కొరుకుతాయి. బ్యాటరీ ట్రే కింద వేరుశనగ తొక్కలు, ఎలుక పెంటికలు కనిపిస్తే వైరు మొత్తం చూడాల్సిందే. సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని కరిగిన వైరు కూడా ఇలాగే దొరుకుతుంది.

వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు లైటు వచ్చిందా? ఇంజన్ మీద ప్రెజర్ గన్ కొట్టించారేమో గుర్తు చేసుకోండి. సెన్సార్ కొనే ముందు కప్లర్లు తీసి ఆరబెట్టండి. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో నీళ్లలోంచి బండి నడిపి వచ్చినా అంతే.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం మడతల్లో పగుళ్లు చూడండి. లెక్కలోకి రాని గాలి అక్కడినుంచి దూరుతుంది. పోర్టు చుట్టుపక్కల, జ్ఞానాపురం వైపు ఉండేవారు ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే తీసి చూడండి, బొగ్గు ధూళి దాన్ని తొందరగా నింపేస్తుంది.

నాలుగో మెట్టు: లైవ్ డేటా

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇది. రూపాయి ఖర్చు లేదు.

తెల్లవారుజామున, రాత్రంతా నిలిపిన కారులో కీ ఆన్ చేయండి, స్టార్ట్ చేయకండి. యాప్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత చూడండి. బయట 28 డిగ్రీలుంటే రెండూ ఆ చుట్టుపక్కలే ఉండాలి. ఒకటి 28, ఇంకోటి 55 అంటే రెండోది అబద్ధం చెబుతోంది. ఇప్పుడు స్టార్ట్ చేసి చూడండి. కూలెంట్ అంకె మెట్లెక్కినట్టు పెరుగుతూ చాలా కార్లలో 85–95 దగ్గర నిలబడుతుంది. మధ్యలో 60 నుంచి మైనస్ 40కి ఒక్కసారి దూకి వెనక్కి వస్తే అది వదులు కప్లర్. హైవే మీద కూడా 65 దాటకపోతే సెన్సార్ కాదు, థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకుని ఉండిపోయింది. పి0128 కోడ్ చాలాసార్లు దీనికే పడుతుంది.

తర్వాత మ్యాప్ సెన్సార్. ఇంజన్ గొట్టంలో గాలి ఒత్తిడిని కొలుస్తుంది. మన ఊళ్లోని చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా ఉండేది ఇదే. ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది వరం, ఎందుకంటే ఇక్కడ ఉండాల్సిన అంకె ముందే తెలుసు: 100–101 కిలోపాస్కల్. ఆర్కే బీచ్ దగ్గర కారు ఆపి చూస్తే 100 చూపించే సెన్సార్ బాగున్నట్టు. 85 అనో 110 అనో అంటే నమ్మకండి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో అదే సెన్సార్ 91 చుట్టూ చూపాలి. ఒకసారి వెళ్తూ వెళ్తూ పక్క సీట్లోని మా అమ్మాయి చేత అంకెలు రాయించాను. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా పెద్దగా కదల్లేదు. ఆగి కీ ఆన్ చేసిన ప్రతిచోటా, అనంతగిరి ఘాట్ ఎక్కేకొద్దీ, ఒక్కో అంకే తగ్గుతూ వచ్చింది. స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో చూస్తే 30–40 మధ్యకు పడిపోవాలి. 55, 60 దగ్గరే ఉండిపోతే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఇంజన్‌లోనే లోపం ఉంది.

ఆక్సిజన్ సెన్సార్ దగ్గరే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఈ సెన్సార్లు సైలెన్సర్ గొట్టంలో, కన్వర్టర్‌కు ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటాయి. పాత తరహా ముందు సెన్సార్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఊగుతూ ఉండాలి. 0.1 దగ్గరే అతుక్కుపోయిందనుకోండి, వెంటనే మార్చేయకండి. న్యూట్రల్‌లో ఒక్కసారి గట్టిగా రేస్ ఇచ్చి వదలండి. 0.8 దాటి ఎగిరి, వదలగానే కిందికి పడితే సెన్సార్ బతికే ఉంది, అది నిజమే చెబుతోంది. ఇంజన్‌లోకి గాలి ఎక్కువ వెళ్తోంది, లేదా సెన్సార్‌కు ముందు సైలెన్సర్ గాస్కెట్ దగ్గర లీకై బయటి గాలి దూరుతోంది. కొన్ని కొత్త కార్లలో ముందు సెన్సార్ వేరే రకం, దానికి ఈ అంకెలు వర్తించవు.

ఇక్కడే 'ఫ్యూయల్ ట్రిమ్' కూడా చూడండి. ఈసీయూ తన లెక్క కన్నా ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తోందో అది చెబుతుంది. ప్లస్ మైనస్ పది లోపు ఉంటే పర్వాలేదు. ఐడిలింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎంకు వెళ్లగానే మామూలైపోతే గాలి లీకు. వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు ప్రెజర్ తక్కువ, లేదా గాలి కొలిచే సెన్సార్ మురికి పట్టింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలైతే, అదే గాలికి ఇంధనం పాలు కాస్త ఎక్కువ కావాలి. దానికోసం తయారు కాని పాత కార్లలో ట్రిమ్ కొన్ని శాతాలు పైకి జరగడం సహజం. దాన్ని సెన్సార్ ఖాతాలో వేయకండి.

వెనక ఆక్సిజన్ సెన్సార్ దాదాపు నిలకడగా ఉండాలి. అదీ ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ అలసిపోయింది. పి0420కి వెనక సెన్సార్ మార్చి లాభం ఉండదు.

నిజంగా సెన్సారే పోయే కేసు ఒకటి చెప్పాలి. క్రాంక్ సెన్సార్. వేడి మీద ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఆర్‌పీఎం ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది, బండి అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. చల్లబడ్డాక ఏ పరీక్షకూ దొరకదు. ఘాట్ రోడ్డు మీద ఇలా ఆగితే ప్రాణాపాయం. ఒక్కసారి జరిగినా కప్లర్ చూసి, బాగుంటే సెన్సార్ మార్పించేయండి.

డీజిల్ బీఎస్-6 కార్లవారికి ఒక మాట. ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్ దాకా రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిప్పితే మసి ఫిల్టర్ శుభ్రపడే వేడి రాదు. మసి ఫిల్టర్ లైటు వెలిగితే సెన్సార్ కన్నా ముందు హైవే మీద ఇరవై నిమిషాల నిలకడ ప్రయాణం ప్రయత్నించండి.

ఐదో మెట్టు: మల్టీమీటర్

కూలెంట్, గాలి ఉష్ణోగ్రత సెన్సార్లకు రెండే పిన్నులుంటే ఒక సులువైన పరీక్ష ఉంది. కప్లర్ తీయండి, యాప్‌లో మైనస్ 40 రావాలి. ఇప్పుడు కప్లర్‌లోని రెండు క్లిప్పులనూ సన్నటి వైరు ముక్కతో కలపండి. అంకె ఒక్కసారి 130 పైకి దూకితే వైరింగ్, ఈసీయూ రెండూ బాగున్నాయి, సెన్సారే పోయింది. మైనస్ 40 దగ్గరే ఉండిపోతే లైను తెగింది. ఆటోనగర్ పెద్దాయన నా కళ్లముందు చేసింది ఇదే. ఆ తర్వాత కొత్త కప్లర్ ముక్క తెచ్చి, ఒక్కో వైరుకు టంకం వేసి, పైన హీట్ ష్రింక్ గొట్టం తొడిగి లైటర్‌తో బిగించారు. కీ ఆన్ చేస్తే యాప్‌లో 41 అని కనిపించింది. బానెట్ కింద ఆ రోజు ఉన్న వేడి అదే. మూడు పిన్నుల సెన్సార్ల మీద ఈ వైరు ముక్క పరీక్ష ఎప్పుడూ చేయకండి, ఈసీయూ కాలిపోవచ్చు.

మూడు పిన్నులవాటిలో చాలావాటికి ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కప్లర్ తీసి కీ ఆన్ చేసి కొలిస్తే మొదటి రెండిటి మధ్య 5కు అటూ ఇటూగా రావాలి. రాకపోతే కొత్త సెన్సార్ వేసినా ప్రయోజనం లేదు. కొలవడానికి వైరు మీది తొడుగును సూదితో పొడిచేవాళ్లున్నారు, వద్దని చెప్పండి. మన ఊరి గాలికి ఆ చిల్లులోంచే తుప్పు మొదలవుతుంది.

ఆరో మెట్టు: మార్చాల్సి వస్తే

పాత సెన్సార్ మీది పార్ట్ నంబరు చూసి అదే కొనండి. చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి లెక్కలు వేరుగా ఉంటాయి. కూలెంట్ సెన్సార్‌ను ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. ఆక్సిజన్ సెన్సార్ మరలు పట్టేసి ఉంటాయి, గోరువెచ్చగా ఉన్నప్పుడు సులువుగా వస్తాయి. దాని దగ్గర్లో సిలికాన్ స్ప్రే వాడొద్దు, సిలికాన్ దాన్ని చంపేస్తుంది. గ్యారేజీలో చేయిస్తే పాత సెన్సార్ ఇవ్వమని అడిగి తీసుకోండి. వారంటీ ఉన్న కారైతే ఇవేవీ మీరు ముట్టుకోకుండా కంపెనీ సర్వీస్‌కే తీసుకెళ్లండి.

ఏడో మెట్టు: చెరిపి, తిప్పి చూడండి

ఇప్పుడు కోడ్ చెరపండి. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి. బీచ్ రోడ్డు మీదుగా నెమ్మదిగా రుషికొండ దాకా, అక్కడినుంచి హైవే ఎక్కి ఆనందపురం వైపు 70–80 మీద పదిహేను నిమిషాలు నిలకడగా, తిరుగు ప్రయాణంలో మధురవాడ ట్రాఫిక్‌లోంచి రండి. చలి, వేడి, వేగం, ఆగడం అన్నీ ఈసీయూ చూసేస్తుంది. ఇలా మూడు నాలుగు రోజులు తిప్పాక యాప్‌లో 'పెండింగ్' కోడ్ల పేజీ తెరవండి. లైటు రాకముందే కోడ్ అక్కడ కనిపిస్తుంది.

కోడ్ చెరపకుండా వదిలేసినా, లోపం నిజంగా పోతే వరుసగా మూడు మంచి ప్రయాణాల తర్వాత లైటు దానంతటదే ఆరిపోతుంది. కోడ్ మాత్రం ఇంజన్ 40 సార్లు వేడెక్కి చల్లారేదాకా లోపల ఉంటుంది. అదే కోడ్ మళ్లీ పడితే కొత్త ఫ్రీజ్ ఫ్రేమ్‌ను మొదటి ఫోటో పక్కన పెట్టి చూడండి. రెండిట్లో వేగం, వేడి ఒకేలా ఉంటే ఇంకా ఆ పాత లోపమే. వేరుగా ఉంటే మూడో మెట్టుకు వెళ్లి, ఈసారి ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్‌కు, వేడి సైలెన్సర్‌కు దూరంగా ఉన్న వైర్ల కట్టను మెల్లగా కదుపుతూ, ఫోన్‌లో అంకె ఎప్పుడు దూకుతుందో ఇంకొకరిని చూడమనండి.